జ్యోతిష జిజ్ఞాస: రాశి, లగ్నం, దశ – పాఠకుల సందేహాలు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం జనన వివరాలు రాసి "నా భవిష్యత్తు ఎలా ఉంటుంది?" అని అడిగేవే. ఈసారి వాటిని పక్కన ఉంచి, జాతకచక్రం ఏ లెక్కల మీద తయారవుతుంది, దానిని చదివే పద్ధతికి ఆధారమైన సూత్రాలేమిటి అని అడిగినవారి ప్రశ్నలను ఎంచుకున్నాను. ఫలితం చెప్పించుకునే ముందు ఆ ఫలితం ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవడం ప్రతి ఒక్కరికీ అవసరమని నేను నమ్ముతాను.

ప్రశ్న: నేను ఆగస్టు 10న పుట్టాను. పత్రికలలో వచ్చే పాశ్చాత్య రాశిఫలాల ప్రకారం నాది సింహరాశి. పంచాంగం తెలిసిన ఒకరు నేను పుట్టిన రోజున సూర్యుడు కర్కాటకంలో ఉన్నాడన్నారు. ఇంట్లో పెద్దలు రాయించిన జాతకంలోనేమో అనూరాధ నక్షత్రం, వృశ్చికరాశి అని ఉంది. ఈ మూడింటిలో ఏది సరైనది?

జవాబు: మూడూ సరైనవే, ఎందుకంటే ఆ మూడూ ఒకే వస్తువును కొలవడం లేదు. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు ఆకాశంలో సంచరించే దారిని మన శాస్త్రం 360 డిగ్రీల వృత్తంగా తీసుకుని రెండు విధాలుగా పంచింది. ఒక పంపకంలో ఒక్కొక్కటి 30 డిగ్రీల చొప్పున 12 రాశులు, రెండవ పంపకంలో ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాల చొప్పున 27 నక్షత్రాలు ఏర్పడ్డాయి. ప్రతి నక్షత్రానికి నాలుగు పాదాలు కనుక మొత్తం 108 పాదాలు, ఒక్కొక్క రాశికి 9 పాదాలు వస్తాయి. విశాఖ నాలుగవ పాదం, అనూరాధ నాలుగు పాదాలు, జ్యేష్ఠ నాలుగు పాదాలు కలిస్తే మీ వృశ్చికరాశి పూర్తవుతుంది.

మన సంప్రదాయంలో "నీది ఏ రాశి?" అని అడిగితే పుట్టిన వేళకు చంద్రుడు ఉన్న రాశినే చెబుతాము. చంద్రుడు ఇంచుమించు 27 రోజుల 8 గంటలలో రాశిచక్రాన్ని చుట్టివస్తాడు కనుక ఒక్కొక్క రాశిలో రెండుంబావు రోజులు మాత్రమే ఉంటాడు. సూర్యుడికి అదే ప్రయాణానికి ఏడాది పడుతుంది కనుక ఒక్కొక్క రాశిలో నెల రోజులు ఉంటాడు. ఏ సంవత్సరమైనా సరే ఆగస్టు 10న పుట్టినవారందరికీ సూర్యరాశి ఒకటే అవుతుంది, చంద్రరాశి మాత్రం సంవత్సరాన్ని బట్టి, పుట్టిన గంటను బట్టి మారిపోతుంది. మీ వృశ్చికానికి, మిగిలిన రెండింటికి ఉన్న తేడా ఇది.

సింహానికి, కర్కాటకానికి మధ్య ఉన్న తేడా దీనికంటే లోతైనది. పాశ్చాత్యులు వసంత విషువత్తునాడు, అంటే మార్చిలో పగలు, రాత్రి సమానమయ్యే రోజున, సూర్యుడు ఉండే బిందువును మేషానికి ఆరంభంగా తీసుకుంటారు. దీనిని సాయన పద్ధతి అంటాము. ఆ బిందువు నక్షత్రాల నేపథ్యంలో స్థిరంగా ఉండదు. భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకుంటూ ఉండడం వల్ల అది సుమారు 72 సంవత్సరాలకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కు జరుగుతుంది. మనవారు నక్షత్రాలనే ఆధారంగా ఉంచుకుని లెక్కించే నిరయన పద్ధతిని అనుసరిస్తారు. ఈ రెండు ఆరంభ బిందువుల మధ్య దూరమే అయనాంశ. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన భారత ప్రభుత్వం నియమించిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదికలో, చిత్రా నక్షత్రం 180 డిగ్రీల వద్ద ఉండే విధంగా అయనాంశను నిర్ణయించి, 1956 మార్చి 21న అది 23 డిగ్రీల 15 నిమిషాలని పేర్కొన్నది. నేడు అది 24 డిగ్రీలు దాటింది. మీరు పుట్టిన రోజున సూర్యుడు సాయన లెక్కలో సింహం 17 డిగ్రీల దగ్గర ఉంటే, అందులో నుంచి అయనాంశను తీసివేసినప్పుడు కర్కాటకంలోకి వచ్చేస్తాడు. డిసెంబరు 21 లేదా 22న సూర్యుడు ఉత్తరానికి మరలినా మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో రావడానికి కారణం కూడా ఈ అయనాంశయే.

ఇక మీరు పాటించవలసినది ఏమిటంటే, గోచార ఫలాలు, అంటే ప్రస్తుత గ్రహసంచారాన్ని బట్టి చెప్పే ఫలాలు, చదివేటప్పుడు చంద్రరాశిని తీసుకోండి. పాశ్చాత్య రాశిఫలాన్ని మన రాశిపేరుతో కలిపి చదివితే ఏ పద్ధతి ప్రకారమూ అర్థం ఉండదు.

ప్రశ్న: వేదాలలోనే జ్యోతిషం ఉన్నదని కొందరు, జాతకాలు గ్రీకుల నుంచి వచ్చాయని కొందరు అంటున్నారు. వాస్తవం ఏది?

జవాబు: జ్యోతిషం ఆరు వేదాంగాలలో ఒకటి. అయితే లగధుడి పేరుతో మనకు దొరికిన వేదాంగ జ్యోతిషంలో వ్యక్తి జాతకం ప్రసక్తి లేదు. ఋగ్వేద పాఠంలో 36 శ్లోకాలే ఉన్న ఆ చిన్న గ్రంథం యజ్ఞాలకు సరైన కాలాన్ని నిర్ణయించడానికి పుట్టింది. అందులో 5 సంవత్సరాల యుగం, ఆ యుగంలో 1830 రోజులు, 62 చాంద్రమాసాలు, నక్షత్రాలు, అయనాలు ఉన్నాయి. మేషాది రాశులు, లగ్నం, ద్వాదశ భావాలు (జాతకంలోని 12 ఇళ్లు) లేవు. 12 రాశులతో, లగ్నంతో కూడిన హోరాశాస్త్రం యవనులతో, అంటే గ్రీకులతో, ఏర్పడిన పరిచయం తరువాత ఇక్కడ విస్తరించిందని చరిత్రకారులు చెబుతారు. క్రీస్తు శకం ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు స్వయంగా ఈ శాస్త్రంలో నిష్ణాతులైన యవనులు ఋషులవలె పూజ్యులని బృహత్సంహితలో చెప్పాడు. దానిని ఒప్పుకోవడంలో మనకు తక్కువతనం ఏమీ లేదు, ఎందుకంటే వచ్చిన చట్రానికి ఇక్కడి 27 నక్షత్రాలను, నక్షత్రాల మీద నడిచే దశలను (జీవితంలో ఒక్కొక్క గ్రహానికి కేటాయించిన కాలఖండాలను), పంచాంగాన్ని జోడించి, దానిని వేరొక శాస్త్రంగా తీర్చినవారు మన ఆచార్యులే.

పూర్వులు జ్యోతిషాన్ని మూడు స్కంధాలుగా విభజించారు. గ్రహగతులను లెక్కించేది సిద్ధాంతం, వర్షాలు, పంటలు, భూకంపాల వంటి లోకవిషయాలను చర్చించేది సంహిత, వ్యక్తి జాతకాన్ని చెప్పేది హోర. వరాహమిహిరుడు ఈ మూడింటిలోనూ గ్రంథాలు రాశాడు. నేడు జ్యోతిషం అనగానే హోర ఒక్కటే గుర్తుకు రావడం, గణితాన్ని పూర్తిగా యంత్రానికి వదిలివేయడం ఈ విద్యకు మంచి చేయలేదు.

ప్రశ్న: మాకు కవల పిల్లలు. 9 నిమిషాల తేడాతో పుట్టారు. ఇద్దరి రాశిచక్రాలూ ఒకేలా ఉన్నాయి, కాని స్వభావాలలో పోలిక లేదు. అలాంటప్పుడు లగ్నానికి అర్థం ఏమిటి?

జవాబు: పుట్టిన సమయానికి, పుట్టిన చోట తూర్పు దిక్కున ఉదయిస్తున్న రాశియే లగ్నం. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఒక్క అహోరాత్రంలో 12 రాశులూ ఉదయిస్తాయి కనుక ఒక్కొక్క లగ్నం సగటున 2 గంటలు, మన ప్రాచీన లెక్కలో 5 ఘడియలు ఉంటుంది. అక్షాంశాన్ని బట్టి, రాశిని బట్టి ఈ కాలం కొంత పెరుగుతుంది, కొంత తగ్గుతుంది. పుట్టిన ఊరి వివరం అడగడం అందుకే. మన ప్రాంతంలో వేసే చక్రంలో రాశుల గదులు కదలవు. ఎడమవైపు పై మూల గది మీనం, దాని కుడిపక్కది మేషం, అక్కడి నుంచి సవ్యంగా మిగిలినవి వస్తాయి. లగ్నం ఉన్న గదిలో "ల" అని గుర్తు పెడతారు. ఉత్తర భారత చక్రంలో పైన మధ్యనున్న గదియే ఎప్పుడూ లగ్నం, రాశుల అంకెలు మారుతాయి. చూడడానికి వేరుగా ఉన్నా విషయం ఒకటే.

లగ్నం నుంచి లెక్కిస్తూ తను, ధన, భ్రాతృ, మాతృ, పుత్ర, శత్రు, కళత్ర, ఆయుః, భాగ్య, రాజ్య, లాభ, వ్యయ భావాలు ఏర్పడతాయి. ఇందులో 1, 4, 7, 10 కేంద్రాలు. 1, 5, 9 కోణాలు. 6, 8, 12 దుస్థానాలు. ఒకే రోజు పుట్టినవారందరికీ గ్రహాలు దాదాపు అవే రాశులలో ఉంటాయి, కాని ఉదయం పుట్టినవారికి భాగ్యంలో కూర్చున్న గ్రహం సాయంత్రం పుట్టినవారికి మాతృభావంలోనో భ్రాతృభావంలోనో ఉంటుంది. గ్రహస్థితి లోకానికంతటికీ చెందినదైతే, దానిని ఒక వ్యక్తికి చెందేలా చేసేది లగ్నం.

మీ పిల్లల విషయానికి వస్తే, లగ్నం ఇంచుమించు 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. రాశిని 9 భాగాలు చేసే నవాంశలో ఒక్కొక్క భాగం 3 డిగ్రీల 20 నిమిషాలు కనుక నవాంశ లగ్నం సుమారు 13 నిమిషాలకు మారుతుంది. 9 నిమిషాల తేడాలో అది మారి ఉండవచ్చు, మారకపోయి ఉండవచ్చు. రాశిని ఇంకా చిన్న భాగాలుగా చేసి వేసే వర్గచక్రాలలో తప్పక తేడా కనిపిస్తుంది. అయినా కవలల ప్రశ్న ఈ శాస్త్రానికి చాలా పాతది, బరువైనది. నవాంశ మారింది కనుక స్వభావం మారిందని ఒక్క వాక్యంతో ముగించే సమాధానం మీకు ఇవ్వలేను. పిల్లలను వారి వారి నడవడిని బట్టి అర్థం చేసుకోండి, చక్రాన్ని బట్టి కాదు.

ప్రశ్న: నా జాతకంలో గురువు ఉచ్చలో ఉన్నాడు. గురు మహాదశ అంతా గడిచిపోయింది, చెప్పుకోదగ్గ మేలు ఏమీ జరగలేదు. ఉచ్చ గ్రహం ఎందుకు ఫలితం ఇవ్వలేదు? నాది వృషభ లగ్నం.

జవాబు: మీరు చివర రాసిన రెండు మాటలలోనే సమాధానం మొదలవుతుంది. గ్రహాన్ని చూసేటప్పుడు అది ఎంత బలంగా ఉంది అన్నది ఒక ప్రశ్న, ఆ బలం జాతకుడికి ఎవరి పక్షాన పనిచేస్తుంది అన్నది వేరొక ప్రశ్న. చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు.

ముందు బలం సంగతి చూద్దాం. రవికి సింహం, చంద్రుడికి కర్కాటకం, కుజుడికి మేష వృశ్చికాలు, బుధుడికి మిథున కన్యలు, గురువుకు ధనుర్మీనాలు, శుక్రుడికి వృషభ తులలు, శనికి మకర కుంభాలు స్వక్షేత్రాలు. రవి మేషంలో, చంద్రుడు వృషభంలో, కుజుడు మకరంలో, బుధుడు కన్యలో, గురువు కర్కాటకంలో, శుక్రుడు మీనంలో, శని తులలో ఉచ్చస్థితి, అంటే అత్యధిక బలం, పొందుతారు. అక్కడికి ఏడవ రాశి నీచ, అంటే గ్రహం బలహీనపడే చోటు. ఉచ్చకు కూడా పరమోచ్చ అనే డిగ్రీ ఉంది. గురువుకు అది కర్కాటకంలో 5వ డిగ్రీ. దాని నుంచి దూరమైన కొద్దీ ఉచ్చబలం తగ్గుతూ పోతుంది. పైగా సూర్యుడికి మరీ దగ్గరై అస్తంగతుడైతే, నవాంశలో నీచపడితే రాశిలోని ఉచ్చకు విలువ తగ్గుతుంది.

ఇక పక్షం. మీ వృషభ లగ్నానికి ధనుస్సు ఎనిమిదవ ఇల్లు, మీనం పదకొండవ ఇల్లు. అంటే మీ గురువు అష్టమ, లాభాధిపతి, ఉన్నది తృతీయంలో. లగ్నాధిపతి శుక్రుడితో గురువుకు మైత్రి కూడా లేదు. అదే మీన లగ్నానికి పుట్టినవారికి ఇదే గురువు లగ్న, రాజ్యాధిపతియై పంచమ కోణంలో ఉచ్చపొందుతాడు. ఒకే రాశిలో, ఒకే డిగ్రీలో ఉన్న ఒకే గ్రహం, ఒకరికి జాతకానికి వెన్నెముక, మరొకరికి మిశ్రమఫలదుడు. స్వభావం చేత శుభగ్రహం, ఆధిపత్యం చేత శుభగ్రహం అన్న ఈ తేడా అర్థమైతే జాతకం చదవడంలో సగం దారి నడిచినట్లే.

ఏ భావాన్ని విచారించినా మూడింటిని కలిపి చూడాలన్నది పెద్దలు పెట్టిన నియమం: ఆ భావం, దాని అధిపతి, ఆ విషయానికి సహజ కారకుడైన గ్రహం. సంతానాన్ని గురించి అడిగితే పంచమాన్ని, పంచమాధిపతిని, పుత్రకారకుడైన గురువును చూస్తాము. వివాహానికి సప్తమాన్ని, సప్తమాధిపతిని, శుక్రుడిని చూస్తాము. ఆ పైన దృష్టులు. ప్రతి గ్రహం తానున్న చోటి నుంచి ఏడవ ఇంటిని చూస్తుంది. కుజుడికి 4, 8, గురువుకు 5, 9, శనికి 3, 10 స్థానాల మీద విశేష దృష్టి ఉంది. మీ తృతీయ గురువు ఏడు, తొమ్మిది, పదకొండు ఇళ్లను చూస్తున్నాడు. ఆ పదకొండు తన సొంత ఇల్లే. పెద్దన్నయ్య, స్నేహితులు, సంపాదన నిలకడగా ఉండడం వంటి విషయాలలో గురు మహాదశ నడిచిన ఆ 16 సంవత్సరాలను మరొకసారి నెమరువేసుకుని చూడండి. మీరు పదవి కోసం ఎదురుచూసి ఉంటే, సంప్రదాయం ప్రకారం ఈ గురువు ఇస్తానన్నది అది కాదు.

ప్రశ్న: ఒకే జనన సమయం ఇచ్చినా ఇద్దరు పండితులు వేసిన జాతకాలలో శుక్ర మహాదశ ప్రారంభానికి రెండేళ్లకు పైగా తేడా వచ్చింది. లెక్కలో ఇంత తేడా ఎలా వస్తుంది?

జవాబు: వింశోత్తరీ దశ పూర్తిగా చంద్రస్ఫుటం, అంటే పుట్టిన వేళకు చంద్రుడు ఉన్న కచ్చితమైన స్థానం, మీద ఆధారపడిన లెక్క. కృత్తిక మొదలుగా తొమ్మిదేసి నక్షత్రాలకు వరుసగా రవి 6, చంద్రుడు 10, కుజుడు 7, రాహువు 18, గురువు 16, శని 19, బుధుడు 17, కేతువు 7, శుక్రుడు 20 సంవత్సరాల అధిపతులు. అన్నీ కలిపి 120. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ అధిపతి దశ నడుస్తూ ఉంటుంది, నక్షత్రంలో చంద్రుడు ఇంకా దాటవలసిన భాగమెంతో అంత దశ మిగిలి ఉంటుంది.

ఉదాహరణకు చంద్రుడు వృషభంలో 20 డిగ్రీల వద్ద ఉన్నాడనుకుందాం. రోహిణి వృషభంలో 10 డిగ్రీల నుంచి 23 డిగ్రీల 20 నిమిషాల వరకు వ్యాపిస్తుంది. అందులో 10 డిగ్రీలు, అంటే మూడు వంతులు గడిచాయి, ఒక వంతు మిగిలింది. చంద్రదశ 10 సంవత్సరాలలో రెండున్నర సంవత్సరాలు శేషం. ఆ తరువాత తొమ్మిదిన్నర ఏళ్ల వయసు వరకు కుజుడు, ఇరవై ఏడున్నర వరకు రాహువు, నలభై మూడున్నర వరకు గురువు, అరవై రెండున్నర వరకు శని. ప్రతి మహాదశలోనూ తొమ్మిది గ్రహాలకు అదే నిష్పత్తిలో అంతర్దశలు వస్తాయి.

ఇప్పుడు తేడా ఎక్కడ పుడుతుందో చూడండి. చంద్రుడి స్థానం ఒక్క డిగ్రీ మారితే రవిదశలో సుమారు అయిదున్నర నెలలు, శుక్రదశలో ఏకంగా ఏడాదిన్నర జరుగుతుంది. పైన చెప్పిన, చిత్రా నక్షత్రం ఆధారంగా లెక్కించే చిత్రాపక్ష అయనాంశకు, జ్యోతిష రచయిత బి.వి. రామన్ అనుసరించిన అయనాంశకు మధ్య దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా ఉంది. మీ ఇద్దరు పండితులు చెరొకటి వాడి ఉంటే ఆ రెండేళ్ల తేడా అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. ఆకాశంలో కనిపించే గ్రహస్థితితో సరిపోయే దృక్సిద్ధ పంచాంగం వాడారా, పూర్వ పద్ధతి పంచాంగం వాడారా అన్నది రెండవ కారణం. దశా సంవత్సరాన్ని 365 రోజులుగా తీసుకున్నారా, 360 రోజులుగా తీసుకున్నారా అన్నది మూడవది. ఈ ఒక్కదాని వల్లనే 30 ఏళ్ల వయసుకు దాదాపు అయిదు నెలల అంతరం ఏర్పడుతుంది.

జాతకం రాసిన ప్రతి ఒక్కరూ మొదటి పుటలోనే ఏ అయనాంశ, ఏ పంచాంగం, ఏ సంవత్సర ప్రమాణం వాడారో రాయాలన్నది నా గట్టి అభిప్రాయం. అవి రాయకుండా "ఫలానా నెలలో ఉద్యోగం" అని చెప్పడం చదువరిని మోసపుచ్చడమే అవుతుంది. మీరు ఇద్దరినీ ఆ మూడు వివరాలు అడగండి. అడగడం మర్యాదకు భంగం కాదు.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మా అమ్మాయిది కర్కాటక లగ్నం, ఏడవ ఇంట మకరంలో కుజుడు ఉన్నాడు. కుజదోషమని రెండు సంబంధాలు వెనక్కు వెళ్లిపోయాయి. చంద్రుడు మేషంలో ఉన్నందున ఏలినాటి శని కూడా మొదలైందని, పెద్ద ఖర్చుతో శాంతి చేయించకపోతే పెళ్లి నిలవదని చెప్పారు. అమ్మాయి చాలా కుంగిపోయింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయిని కూర్చోబెట్టి ఈ లెక్కను చూపించండి. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాలలో కుజుడు ఉంటే దోషమని వాడుకలో ఉన్న నియమం. పన్నెండు ఇళ్లలో అయిదు ఇళ్లు అంటే, లగ్నం నుంచి మాత్రమే చూసినా 100 మందిలో ఇంచుమించు 42 మందికి ఈ దోషం ఉంటుంది. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా చూడాలంటారు. ఆ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుని లెక్క వేస్తే, ఎక్కడో ఒకచోట దోషం తగిలేవారు 100లో దాదాపు 80 మంది అవుతారు. ఇంతమందికి ఉన్న ఒక లక్షణం ఒక పిల్ల జీవితాన్ని ఒంటరిగా నిర్ణయిస్తుందని చెప్పడం శాస్త్రానికే అన్యాయం. అందుకే సంప్రదాయం కూడా దానికి ఎన్నో పరిహార స్థితులను చెప్పింది, అందులో కుజుడు స్వక్షేత్రంలో కాని ఉచ్చలో కాని ఉండడం ముఖ్యమైనది. మీ అమ్మాయి కుజుడు మకరంలో ఉచ్చస్థితిలో ఉన్నాడు. పైగా కర్కాటక లగ్నానికి వృశ్చికం పంచమం, మేషం దశమం. ఒక కోణానికి, ఒక కేంద్రానికి అధిపతి అయిన కుజుడిని ఆ లగ్నానికి యోగకారకుడని చెబుతారు. దోషమని భయపెట్టిన గ్రహం ఈ జాతకంలో అత్యంత బలవంతుడైన మిత్రుడు. ఇది చూడకుండా ఏడవ ఇంట కుజుడు అన్న ఒక్క మాటతో తీర్పు చెప్పినవారు జాతకాన్ని చదవలేదు.

ఏలినాటి శని విషయమూ ఇంతే. జన్మరాశికి 12, 1, 2 స్థానాలలో శని సంచరించే ఏడున్నర సంవత్సరాలను ఏలినాటి అంటాము. శని మీనంలో ఉన్నప్పుడు కుంభ, మీన, మేష రాశులవారికి అది ఉంటుంది. ఏ సమయంలో చూసినా మూడు రాశులు, అంటే మనుషులలో నాలుగవ వంతు, ఏలినాటిలోనే ఉంటారు. శని 29 ఏళ్లన్నరకు ఒకసారి చక్రాన్ని చుట్టివస్తాడు కనుక నిండు జీవితం గడిపిన వారెవరికైనా ఇది రెండు మూడు సార్లు వచ్చి తీరుతుంది. ఆ నాలుగవ వంతు మందిలో పెళ్లిళ్లు చేసుకుని సుఖంగా ఉన్నవారు ఎందరో మీకే తెలిసి ఉంటారు. గోచారం జన్మకాల గ్రహస్థితికి, నడుస్తున్న దశకు లోబడి పనిచేస్తుందన్నది సూత్రం. గోచారం ఒక్కటే పెళ్లిని నిలబెట్టదు, పడగొట్టదు.

ఈ సందర్భంలో మరొక మాట. మంచి యోగాల పేరుతో మురిసిపోయేవారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. చంద్రుడికి కేంద్రంలో గురువు ఉంటే గజకేసరి యోగం అంటారు. పన్నెండింటిలో నాలుగు స్థానాలు కనుక ప్రతి ముగ్గురిలో ఒకరికి అది ఉంటుంది.

శాంతి చేయించాలని మీ మనసుకు అనిపిస్తే జపం, దానం మీ శక్తికి తగినంతలో చేయండి. అప్పు చేసి చేయవలసిన శాంతి ఏదీ లేదు. చేయకపోతే కీడు తప్పదని బెదిరించి డబ్బు అడిగినవారి ఇంటికి మళ్లీ వెళ్లకండి. వచ్చే సంబంధంలో అబ్బాయి గుణం, ఆరోగ్యం, ఇంటి వాతావరణం, మీ అమ్మాయి ఇష్టం ముందు చూడండి.

ప్రశ్న: రాహుకేతువులు గ్రహాలే కావు, సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం. ఇలాంటి ఆధారాల మీద నిలిచిన జ్యోతిషాన్ని సుప్రీంకోర్టు కూడా శాస్త్రమని ఒప్పుకున్నదని మీవంటివారు చెబుతుంటారు. మీ సమాధానం?

జవాబు: రాహుకేతువులు పిండరూపం లేని బిందువులని మన సిద్ధాంత గ్రంథకర్తలకు తెలుసు. చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు చోట్లు అవి. ఎప్పుడూ 180 డిగ్రీల దూరంలో ఉంటూ, వెనక్కు నడుస్తూ, 18 సంవత్సరాల 7 నెలలకు ఒకసారి చక్రం పూర్తిచేస్తాయి. అమావాస్య, పౌర్ణమి ఆ బిందువుల సమీపంలో వచ్చినప్పుడే గ్రహణాలు పడతాయి. గ్రహణాలకు కారణం నీడలేనని 499 నాటి ఆర్యభటీయం స్పష్టంగా చెప్పింది. ఇక భూమి మీద నిలబడి చూసేవాడికి నక్షత్రాల మధ్య కదులుతూ కనిపించే ప్రతిదానినీ గ్రహమన్నారు. ఆ లెక్కలో సూర్యచంద్రులు చేరడంలో దోషం లేదు.

న్యాయస్థానం సంగతి మాత్రం సరిగా చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2001లో జ్యోతిర్విజ్ఞానాన్ని పాఠ్యాంశంగా ప్రవేశపెట్టినప్పుడు శాస్త్రవేత్త పుష్ప భార్గవ తదితరులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, ఆ తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2004లో సుప్రీంకోర్టు వారి అప్పీలును తోసిపుచ్చింది. ఆ తీర్పు ఒక కోర్సును నడపవచ్చునా అన్నదాని మీద వచ్చినది. జాతకఫలాలు నిజమవుతాయని అది నిరూపించలేదు. దానిని రుజువుగా చూపించేవారు నావైపువారైనా సరే తప్పు చెబుతున్నారు.

రుజువు కోసం జరిగిన ప్రయత్నాలలో ఒకటి చెబుతాను. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ తన సహచరులతో కలిసి చేసి, 2009లో ప్రచురించిన పరీక్షలో, చదువులో ప్రతిభ చూపిన పిల్లలవి, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవి కలిపిన జాతకాలను, ఒక్కొక్కరికి 40 చొప్పున, జ్యోతిష్కులకు పంపి ఏది ఎవరిదో చెప్పమన్నారు. సమాధానాలు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగా చెప్పగలిగారు. నాణెం ఎగరవేసి చెప్పినా 50 శాతం రావాలి. ఈ ఫలితాన్ని దాటవేయడం సబబు కాదు. జ్యోతిషం ప్రయోగం చేత నిరూపితమైన శాస్త్రమని నేను చెప్పను. అది గణితం మీద కట్టిన, తనదైన తర్కం ఉన్న, తరతరాలుగా మనవారి కాలగణనతో, ఆచారంతో, ఆలోచనతో పెనవేసుకున్న విద్య అని చెబుతాను. ఆ విద్యను ప్రేమిస్తూనే, వైద్యం, చదువు, పెళ్లి, డబ్బు వంటి నిర్ణయాలను దాని ఒక్కదాని చేతిలో పెట్టవద్దని ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉంటాను.

ప్రశ్న: మా నాన్నగారు పుట్టిన సమయం ఎవరికీ తెలియదు, నక్షత్రం మాత్రం తెలుసు. జాతకం వేయించవచ్చా?

జవాబు: లగ్నం లేనిదే భావాలు లేవు కనుక పూర్తి జాతకం రాదు. పుట్టిన తేదీ, నక్షత్రం తెలిస్తే చంద్రుడు ఉన్న రాశినే లగ్నంగా భావించి చంద్రలగ్నం నుంచి స్థూలంగా చూసే పద్ధతి ఉంది. ఆ రోజున నక్షత్రం ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నదో పాత పంచాంగంలో చూస్తే పుట్టిన వేళ ఆ అవధిలోనిదేనని తెలుస్తుంది, కాని దశా శేషాన్ని నిర్ణయించడానికి అది చాలదు. జీవితంలోని సంఘటనలను బట్టి వెనక్కు లెక్కించి జనన సమయాన్ని నిమిషాలతో సహా తేలుస్తామనేవారు ఉన్నారు. ఆ లెక్క తెలిసిన సంఘటనలకు సరిపడేలా చేసినదే కనుక అవి సరిపోవడం దానికి రుజువు కాదు. నిత్యపూజలో సంకల్పం చెప్పుకోవడానికి, ఆలయంలో అర్చన చేయించడానికి మీ నాన్నగారి నక్షత్రం, రాశి చాలు.